జడ్జిగారు ఇంటికి రాసిన ఉత్తరాలు

(జిల్లా కోర్టు బార్ లైబ్రరీలో జూనియర్ లాయర్ల కోసం చేసిన ప్రసంగం. రికార్డింగు నుంచి ఎత్తి రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరస వాళ్లకి వినపడుతోందా? సరే, ఫ్యాను కాస్త తగ్గించండి బాబూ, కాగితాలు ఎగిరిపోతున్నాయి.

ఇవాళ జోసెఫ్ స్టోరీ గురించి మాట్లాడతానని చెప్పగానే మీలో ఒకాయన "ఆ ఈక్విటీ పుస్తకం ఆయనేనా సార్?" అన్నాడు. ఆయనే. ఈక్విటీ అంటే తెలుసుగా, చట్టం అక్షరం చాలని చోట న్యాయం చూసి ఇచ్చే పరిష్కారం. నేను జూనియర్‌గా చేరిన కొత్తలో మా సీనియర్ గారి బీరువాలో ఆ పుస్తకం ఉండేది. అట్ట ఊడిపోయి, పురుగు తొలిచి, ఎవరూ ముట్టుకోకుండా. నిజం చెప్పాలంటే ముట్టుకునేవాళ్లం. దాని మీద టీ గ్లాసు పెట్టుకునేవాళ్లం. (నవ్వులు) మొదటి పేజీ మీద గుండ్రటి మరక ఇప్పటికీ ఉంది. ఆ మరక సంగతికి మళ్లీ వస్తాను.

స్టోరీ గురించి పుస్తకాల్లో దొరికేది మీరు పది నిమిషాల్లో చదువుకోవచ్చు. 1779 సెప్టెంబరు 18న మాసచూసెట్స్‌లో మార్బుల్‌హెడ్ అనే చేపల రేవులో పుట్టాడు. 32 ఏళ్లకే అమెరికా సుప్రీంకోర్టు జడ్జి అయ్యాడు. అంత చిన్న వయసులో ఆ కుర్చీలో కూర్చున్నవాడు అంతకుముందు లేడు, ఆ తర్వాతా లేడు. 1845లో పోయేదాకా, అంటే దాదాపు 34 ఏళ్లు, ఆ పదవిలోనే ఉన్నాడు. దానికి తోడు 1829 నుంచి హార్వర్డ్‌లో ప్రొఫెసరు. ఆ ఉద్యోగంలో ఉండగానే వరసపెట్టి గ్రంథాలు రాశాడు. రాజ్యాంగం మీద 1833లో మూడు సంపుటాలు, 1834లో కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ లాస్, అంటే వేర్వేరు దేశాల చట్టాలు తగువుపడితే ఏది నడవాలన్నది, 1836లో ఈక్విటీ. మనం ఒక వాయిదాకి బ్రీఫ్ తయారుచేయడానికి పడే అవస్థ తలచుకుంటే ఆయన ఎప్పుడు నిద్రపోయేవాడో అర్థం కాదు.

ఇది బయటికి కనపడే స్టోరీ. నాకు ఆయన మీద ఇష్టం కలిగించింది ఇది కాదు. ఆయన పోయిన ఆరేళ్లకి, 1851లో, కొడుకు విలియం వెట్‌మోర్ స్టోరీ తండ్రి జీవితాన్నీ ఉత్తరాలనూ కలిపి రెండు సంపుటాలుగా వేశాడు. అందులో భార్య సారాకి రాసిన ఉత్తరాలున్నాయి, స్నేహితులకి రాసినవున్నాయి, కొడుకుకే రాసిన ఒక పొడుగాటి ఉత్తరం ఉంది. అవి చదివాక నాకు ఆ ఈక్విటీ పుస్తకం మీద టీ గ్లాసు పెట్టబుద్ధి కాలేదు.

ముందు కుటుంబం సంగతి. తండ్రి ఎలైషా స్టోరీ, డాక్టరు. 1773లో బోస్టన్ రేవులో ఓడలెక్కి తేయాకు పెట్టెలు సముద్రంలో పారబోసినవాళ్లలో ఆయనొకడు. రెండు పెళ్లిళ్లు, మొత్తం పద్దెనిమిది మంది పిల్లలు. మన జోసెఫ్ రెండో భార్య మెహిటబుల్‌కి పెద్దకొడుకు. పద్దెనిమిది మంది ఉన్న ఇంట్లో ఒక పిల్లవాడి మీద తల్లి ఆశ పెట్టుకుందంటే అది మామూలు ఆశ కాదు. "నీకు జ్వరమొస్తే రాత్రుళ్లు కూచుని కనిపెట్టుకున్నాను జో, నువ్వు గొప్పవాడివి కాకపోయావో చూడు" అని ఆవిడ బెదిరించేదట. అమ్మలంతా ఒకటే అనుకుంటా.

కొడుకుకి రాసిన ఉత్తరం అన్నాను కదా. అది 1831 జనవరిలో రాసింది. అప్పటికి విలియం వయసు పన్నెండు నిండలేదు. అంత చిన్న పిల్లవాడికి తండ్రి తన జీవితమంతా వరసగా రాశాడు. మార్బుల్‌హెడ్‌లో తను చదివిన బడిలో ఆడపిల్లలు, మగపిల్లలు కలిసే చదివేవాళ్లని, ఆడపిల్లల తెలివి చూసి తనకి చిన్నప్పుడే ఆశ్చర్యం కలిగిందని అందులో చెప్తాడు. బళ్లో మాస్టారు కొడితే బడి మానేసి, సొంతంగా చదువుకుని హార్వర్డ్‌కి వెళ్లాడు. తీరా వెళ్లాక తెలిసిందేంటంటే, తోటివాళ్లు అప్పటికే ఆరు నెలల పాఠాలు ముందుకెళ్లిపోయారు. ఇంటికొచ్చి ఆరు వారాల్లో ఆ ఆరు నెలల పాఠాలూ పూర్తిచేశాడు.

ఇక ఆ మరక. డిగ్రీ అయ్యాక ఒక సీనియర్ దగ్గర చేరాడు. ఆయన కుర్రాడి చేతిలో లిటిల్టన్ మీద కోక్ రాసిన వ్యాఖ్య పెట్టి తన పని మీద తాను వెళ్లిపోయాడు. అది ఇంగ్లండు భూమి హక్కుల మీద పదిహేడో శతాబ్దం నాటి పుస్తకం. మూలం ఫ్రెంచి, దాని పక్కన వ్యాఖ్య, ఆ వ్యాఖ్యకి మళ్లీ వ్యాఖ్య. మన నైషధానికి మల్లినాథుడి లాంటి వాడు కూడా లేకుండా చదవడం లాంటిది. కుర్రాడు రోజంతా కూర్చున్నాడు. ఒక్క ముక్క ఎక్కలేదు. ఏడ్చాడు. కన్నీళ్లు పుస్తకం మీద పడి ఆ పేజీలు మరకలయ్యాయని ఆయనే రాశాడు. సుప్రీంకోర్టు జడ్జి, హార్వర్డ్ ప్రొఫెసరు, యాభై దాటినాయన, పన్నెండేళ్ల కొడుకుకి ఇది చెప్తున్నాడు. ఆ తర్వాత మెల్లగా వెలుతురు కనపడిందని, మూలమూ వ్యాఖ్యా రెండూ పట్టుబడ్డాయని కూడా చెప్పాడు, అది వేరే సంగతి. నేను మీకు చెప్పేది కన్నీళ్ల గురించి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ముందేసుకుని రాత్రి పదకొండింటికి మీకు ఏడుపొస్తే, కంగారు పడకండి. (నవ్వులు)

కవిత్వం కూడా రాశాడాయన. ఒంటరితనం మీద ఒక పెద్ద కావ్యం అచ్చేయించాడు. 1804 డిసెంబరులో మేరీ ఆలివర్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఏడు నెలలు తిరక్కుండా, 1805 జూన్‌లో ఆవిడ పోయింది. రెండు నెలలకి తండ్రి పోయాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరు కూడా నిండలేదు. ఆ కావ్యం ప్రతులు దొరికినన్ని పోగుచేసి తగలబెట్టేశాడు. పాఠకుల అదృష్టమని కొందరు విమర్శకులంటారు. నేను ఆ మాట అనను. ఒంటరితనం మీద ఊహించి రాసిన కావ్యం, నిజంగా ఒంటరైనవాడికి ఎలా కనపడి ఉంటుందో ఆలోచించండి.

1808లో సారా వెట్‌మోర్‌ని చేసుకున్నాడు. ఆవిడా ఒక జడ్జిగారి కూతురే. కాపురం సేలంలో. సేలం అంటే తమిళనాడు సేలం అనుకునేరు, అది మాసచూసెట్స్‌లో రేవు. అయితే మనకి సంబంధం లేకపోలేదు. ఆ రోజుల్లో సేలం ఓడలు మద్రాసుకీ కలకత్తాకీ వచ్చి సరుకు నింపుకుని వెళ్లేవి. స్టోరీ ఓడల చట్టంలో, సముద్ర వ్యాపార చట్టంలో దిట్ట కావడానికి ఆ ఊరు ఒక కారణం. ఊళ్లో తగాదాలన్నీ ఓడల చుట్టూనే కదా.

సుప్రీంకోర్టు ఉద్యోగం ఎలా వచ్చిందో చెప్పాలి. 1811లో అధ్యక్షుడు మాడిసన్ ఆ ఖాళీ కోసం ముందు లీవై లింకన్‌ని అడిగాడు, ఆయన వద్దన్నాడు. వోల్కాట్ అని ఇంకొకాయన పేరు పంపితే సెనేట్ కొట్టేసింది. జాన్ క్విన్సీ ఆడమ్స్ అప్పుడు రష్యాలో రాయబారి, ఆయనా వద్దన్నాడు. నాలుగోవాడు మనవాడు. జీతం ఏడాదికి 3,500 డాలర్లు. ఒప్పుకోవడానికి కారణాలు ఒక స్నేహితుడికి ఉత్తరంలో రాశాడు. గౌరవముంది, ఉద్యోగం శాశ్వతం, జీతం మర్యాదగానే ఉంది, అన్నిటికన్నా ముఖ్యం చదువుకోవడానికి తీరిక దొరుకుతుంది. మన ఇళ్లలో గవర్నమెంటు ఉద్యోగం వచ్చినప్పుడు చెప్పుకునే మాటలు ఇవే.

ఇక్కణ్ణుంచి సారాకి ఉత్తరాలు మొదలవుతాయి. ఎందుకంటే కోర్టు వాషింగ్టన్‌లో, అదీ చలికాలంలో కొన్ని వారాలే. గుర్రబ్బండ్లు మారుతూ ఆయన అక్కడికి వెళ్లాలి. భార్యాపిల్లలు సేలంలో. జడ్జిలంతా ఒకే బోర్డింగ్ హౌస్‌లో దిగేవాళ్లు. ఏడుగురు జడ్జిలు ఒకే మెస్‌లో తిని, ఒకే చోట పడుకుని, రాత్రి భోజనాల దగ్గర కేసులు చర్చించుకోవడం. అచ్చం బ్యాచిలర్ రూమ్. పొద్దున విన్న కేసు మీద రాత్రికే ఒక అభిప్రాయానికి వచ్చేస్తున్నామని స్టోరీ సంబరంగా ఒక మిత్రుడికి రాశాడు.

1812 మార్చిలో సారాకి రాసిన ఉత్తరం చూడండి. కొత్త జడ్జి, మొదటి టర్ము. భార్యకి ఏం రాస్తాడు? మాలో ఇద్దరు భార్య పోయినవాళ్లున్నారు, ఊళ్లో ఆడవాళ్ల చూపంతా వాళ్ల మీదే, మేమంతా కలిసి వాళ్లని ఆటపట్టిస్తున్నాం, సంబంధాలు కూడా కుదురుస్తున్నాం, ఒకాయన అప్పుడే వలలో పడ్డాడు, నలభై ఏడేళ్ల వయసులో ప్రేమలో మునిగి తేలుతున్నాడు, అని. ఆ పడ్డాయన థామస్ టాడ్. అదే నెలాఖరులో, మార్చి 29న, అధ్యక్షుడి భార్య డాలీ మాడిసన్ చెల్లెలు లూసీతో ఆయన పెళ్లి అయింది. వైట్‌హౌస్‌లో జరిగిన మొదటి పెళ్లి అదేనంటారు. ఇదంతా కోర్టు రికార్డులో ఉండదు. చీఫ్ జస్టిస్ మార్షల్ కాలంలో ఆ కోర్టు తీర్పులు దాదాపు అన్నీ ఏకాభిప్రాయంగా ఎందుకు వచ్చేవని రాజ్యాంగ పండితులు బోలెడు సిద్ధాంతాలు చెప్తారు. నేనైతే ఆ భోజనాల బల్లకి సగం మార్కులు ఇస్తాను.

చీఫ్ జస్టిస్ జాన్ మార్షల్ అంటే స్టోరీకి ప్రాణం. జడ్జి కాకముందే, 1808లో, ఆయన్ని చూసి వచ్చి స్నేహితుడికి రాశాడు: ఆయన నవ్వు నాకు ఇష్టం, కుట్రలు పన్నేవాడు అంత మనసారా నవ్వలేడు, అని. మనిషిని అంచనా వేయడానికి నవ్వు చూడటం నాకు నచ్చింది. తర్వాత ఇరవై నాలుగేళ్లకి సారాకి ఇంకో ఉత్తరం. 1831 క్రిస్మస్ రోజున మార్షల్ భార్య పోయింది. ఆ తర్వాత మార్చిలో ఒక పొద్దున స్టోరీ ఆయన గదిలోకి వెళ్తే, డెబ్బై ఆరేళ్ల పెద్దాయన కన్నీళ్లతో కూర్చుని ఉన్నాడు. అంతకుముందు మాటల్లో వచ్చిన పద్యాలేవో స్టోరీ కోసం ఎత్తి రాసిపెడుతూ భార్యని తలచుకున్నాడు. పని ఆగిందంటే దిగులు ముంచుకొస్తుందనీ, ఆవిడ కోసం ఏడవని రాత్రి అరుదనీ ఆయన స్టోరీతో చెప్పాడు.

ఇప్పుడు ఆ తేదీ పట్టుకోండి. 1832 మార్చి 3న ఆ చీఫ్ జస్టిసే వూస్టర్ వర్సెస్ జార్జియా తీర్పు చదివాడు. అమెరికా ఆదివాసులైన చెరోకీ జాతి భూముల మీద జార్జియా రాష్ట్ర చట్టాలు చెల్లవని. అమెరికా చరిత్రలో అతి బరువైన తీర్పుల్లో ఒకటి. రాత్రి ఏడ్చిన మనిషే పగలు ఆ తీర్పు చదివాడు. ఆ జనవరిలోనే స్టోరీ ఫిలడెల్ఫియాలో ఇద్దరు చెరోకీ పెద్దల్ని కలిశాడు. మనం వాళ్లకిచ్చిన మాట తప్పినందుకు అమెరికన్‌గా సిగ్గుపడుతున్నానని సారాకి రాశాడు. తీర్పు వచ్చాక, దేవుడి దయవల్ల కోర్టు చేతులు ఆ పాపం నుంచి కడుక్కుంది అని రాశాడు. కోర్టు చేతులు కడుక్కుంది సరే, తీర్పు అమలు కాలేదు. చెరోకీలను ఆ దశాబ్దంలోనే తరిమేశారు. వేలమంది దారిలోనూ శిబిరాల్లోనూ చచ్చిపోయారు.

స్టోరీ కి జనమంటే కాస్త చిన్నచూపు కూడా ఉండేది, దాచకుండా చెప్పాలి. 1829 మార్చి 4న ఆండ్రూ జాక్సన్ అధ్యక్షుడయ్యాడు. వైట్‌హౌస్ తలుపులు తీస్తే జనం తోసుకొచ్చారు. గొప్పింటివాళ్ల దగ్గర్నుంచి మోటుమనుషుల దాకా అంతా కలిసిపోయారనీ, గుంపే రాజై ఏలుతున్నట్టు ఉందనీ, వీలైనంత త్వరగా అక్కణ్ణుంచి బయటపడ్డాననీ మూడు రోజులకి సారాకి రాశాడు. చేపల రేవులో పుట్టినవాడే. పైకి వచ్చాక కింది మెట్లు కనపడవు కొందరికి.

అదే ఏడాది ఆగస్టులో హార్వర్డ్‌లో ప్రొఫెసరుగా తొలి ఉపన్యాసం. నేథన్ డేన్ అనే పెద్ద లాయరు పదివేల డాలర్లు ఇచ్చి, స్టోరీనే పెట్టాలని షరతు పెట్టి ఆ పీఠం పెట్టించాడు. లా స్కూలు అప్పటికి మూతపడేలా ఉంది. ఈయన వచ్చాక కొన్నేళ్లకి విద్యార్థులు వంద దాటారు. ఆ ఉపన్యాసంలోదే మీరంతా విన్న ఆ మాట: చట్టం ఈర్ష్య గల ప్రేయసి, ఎడతెగకుండా వెంటపడాలి. మగవాళ్లు చప్పట్లు కొడతారు. సారా వైపు నుంచి చూస్తే చట్టం ఆవిడకి సవతే. (నవ్వులు) అయితే ఒకటి, ఈ ఉద్యోగంతో ఆయన సేలం వదిలి కేంబ్రిడ్జికి కాపురం మార్చాడు. వాషింగ్టన్ టర్ము, సర్క్యూట్ (ఊళ్లు తిరుగుతూ కేసులు వినడం) పోగా మిగిలిన కాలం ఇంటిపట్టున ఉండగలిగాడు.

ఇంట్లో ఏం జరుగుతోందో చెప్తాను. సారాకి ఏడుగురు పిల్లలు పుట్టారు. పెద్దయ్యేదాకా బతికింది ఇద్దరే, విలియం, మేరీ. 1831 మే నెలలో లూయిసా పోయింది. పదేళ్లు. స్కార్లెట్ ఫీవర్. కొడుకుకి జీవితకథ రాసి అప్పటికి నాలుగు నెలలు.

ఆ సెప్టెంబరులో కేంబ్రిడ్జి దగ్గర మౌంట్ ఆబర్న్ అనే కొత్త శ్మశానాన్ని ప్రారంభించారు. ఊరి మధ్య చర్చి పెరట్లో ఇరుకు సమాధులు కాకుండా చెట్లూ గుట్టలూ ఉన్న తోటలా. అమెరికాలో అలాంటిది మొదటిది. ప్రారంభ ప్రసంగం చేసింది స్టోరీ. చట్టసభల తీరులో మొదలైన ప్రసంగమే, కానీ చనిపోయినవాళ్లని ప్రేమించిన మనిషి అక్కడికి ఎందుకు వస్తాడో చెప్పే చోట, కూతురు పోయి నాలుగు నెలలేనని తెలిసి చదివితే మామూలుగా చదవలేం. ఆ తర్వాతి రెండేళ్లలో రాజ్యాంగం మీద మూడు సంపుటాలు వచ్చాయి. ఆయన నిద్ర సంగతి మొదట్లో అడిగాను కదా. నాకిప్పుడు అనిపించేది, ఆయనకి పని ఆపడం భయం. మార్షల్ చెప్పిన మాట ఈయనకీ వర్తిస్తుంది.

మన సంగతి ఒక్క ముక్క. 1834 నాటి ఆ కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ లాస్ పుస్తకం, ఒక దేశంలో పెళ్లి, ఇంకో దేశంలో కాపురం, మరో దేశంలో విడాకులు అయితే ఏ చట్టం నడుస్తుందని అడుగుతుంది. ఇవాళ ప్రతి తెలుగు వీధిలో ఒక అమెరికా సంబంధం ఉంది కాబట్టి ఇది మనకి పుస్తకాల్లో ప్రశ్న కాదు. 1975లో తిరుపతిలో జరిగిన ఒక పెళ్లికి భర్త మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకుంటే, అది ఇక్కడ చెల్లదని 1991లో మన సుప్రీంకోర్టు చెప్పింది. ఆ శాస్త్రానికి ఇంగ్లీషులో పద్ధతిగా పునాది వేసినవాళ్లలో స్టోరీ ముఖ్యుడు.

ఇక నాకు ఇబ్బందిగా ఉండే భాగం.

బానిస వ్యాపారం పాపమని స్టోరీ 1819లోనే గ్రాండ్ జ్యూరీల ముందు గట్టిగా చెప్పాడు. 1841లో అమిస్టాడ్ కేసు. ఓడ మీద తిరగబడ్డ ఆఫ్రికన్లని విడిచిపెట్టమన్న తీర్పు రాసింది ఆయనే. ఆ కేసులో ముసలి జాన్ క్విన్సీ ఆడమ్స్ వాదించిన తీరు గురించి సారాకి రాశాడు. అద్భుతంగా ఉంది, వెటకారం ఘాటుగా ఉంది, కేసు రికార్డు దాటి చాలా దూరం పోయాడు, అని. (నవ్వులు) జడ్జిలు భార్యలకి మన గురించి ఏం చెప్తారో మనకి తెలియకపోవడమే మంచిది.

మరుసటి ఏడాది ప్రిగ్ వర్సెస్ పెన్సిల్వేనియా. మార్గరెట్ మోర్గన్ అనే ఆవిడ మేరీలాండ్ నుంచి పెన్సిల్వేనియా వచ్చి భర్తతో, పిల్లలతో బతుకుతోంది. 1837లో ఎడ్వర్డ్ ప్రిగ్, ఇంకొందరు ఆవిడనీ పిల్లల్నీ పారిపోయిన బానిసలని పట్టుకుని మేరీలాండ్ తీసుకుపోయారు. ఆ పిల్లల్లో ఒకరు పెన్సిల్వేనియా గడ్డ మీదే పుట్టినవారు. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం అది నేరం, ప్రిగ్‌కి శిక్ష పడింది. సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. తీర్పు రాసింది స్టోరీ. పారిపోయిన బానిసల విషయం కేంద్రానిదే, రాష్ట్రం అడ్డుపడే చట్టం చేయకూడదు, కాకపోతే రాష్ట్ర అధికారులు సాయం చేసి తీరాలని బలవంతం లేదు, అన్నాడు.

తీర్పు చదవండి. ఆ పిల్లల గురించి ఎంత వెతికినా, ఐదుగురు పిల్లల్ని మట్టికిచ్చిన తండ్రి రాసినదని మీకు తోచదు. కొడుకు విలియం తన పుస్తకంలో తండ్రిని వెనకేసుకొచ్చాడు. నాన్న దీన్ని స్వేచ్ఛకి విజయమని ఎన్నోసార్లు అనేవాడు, రాష్ట్రాలు సాయం మానుకోవచ్చు కదా, అని. నిజమే, ఉత్తరాది రాష్ట్రాలు కొన్ని ఆ సందు వాడుకున్నాయి కూడా. చాలాకాలం చాలామంది కొడుకు మాటే నమ్మారు.

తీర్పు వచ్చిన రెండు నెలలకి, 1842 ఏప్రిల్ 29న, స్టోరీ జార్జియా సెనేటరు బెరియన్‌కి ఒక ఉత్తరం రాశాడు. రాష్ట్రాల వాళ్లు చేయకపోతే ఆ పని చేయడానికి ఫెడరల్ కమిషనర్లను పెట్టొచ్చని, దానికి చట్టం ఎలా తేవాలో సలహా. 1850లో వచ్చిన కఠినమైన ఫ్యుజిటివ్ స్లేవ్ చట్టంలో పట్టిచ్చే పని కమిషనర్లదే. ఈ ఉత్తరం కొడుకు వేసిన రెండు సంపుటాల్లో లేదు. బెరియన్ కాగితాల్లో ఉండిపోయి చాలా ఆలస్యంగా బయటపడింది. కొడుకు చూసి పక్కన పెట్టాడా, అసలు చూడలేదా అని తేల్చడం నా పని కాదు. కానీ మీరు ఎవరి ఉత్తరాలు చదివినా, కట్ట కట్టింది ఎవరని ముందు అడగండి. సారా సంగతీ అంతే. ముప్పై ఏడేళ్ల కాపురంలో దాదాపు ప్రతి చలికాలం ఆవిడ ఒక్కతే సేలంలోనో కేంబ్రిడ్జిలోనో పిల్లల జ్వరాలు చూసుకుంది. ఆవిడా జవాబులు రాసే ఉంటుంది కదా. పుస్తకంలో మనకి వినిపించేది ఆయన గొంతే.

విలియం గురించి చెప్పి ముగిస్తాను. తండ్రి ఇచ్చిన దారిలోనే లాయరయ్యాడు, తండ్రి సర్క్యూట్ తీర్పులు రిపోర్టు చేశాడు, 1844లో కాంట్రాక్టుల మీద గ్రంథం రాశాడు. తండ్రి పోయాక మౌంట్ ఆబర్న్‌లో ఆయన విగ్రహం పెట్టాలని జనం చందాలేసుకుని, ఆ పని కొడుక్కే అప్పగించారు. అతనికి బొమ్మలు చెక్కడం సరదా, అంతే. నేర్చుకోవడానికని ఇటలీ వెళ్లాడు. తిరిగొచ్చి మళ్లీ కోర్టుకి వెళ్లాడు, మళ్లీ వెళ్లాడు ఇటలీకి, చివరికి 1856లో ప్లీడరీకి దణ్ణం పెట్టి రోమ్‌లో స్థిరపడిపోయాడు. పేరున్న శిల్పి అయ్యాడు. తండ్రి పాలరాతి విగ్రహం ఇప్పుడు హార్వర్డ్‌లో ఉంది.

చివరి పని 1894లో చేశాడు. భార్య ఎమెలిన్ సమాధి కోసం. ఒక దేవదూత సమాధి రాయి మీద బోర్లా పడిపోయి, మొహం ఒక చేతి మీద వాల్చి దాచుకుని, రెక్కలు రెండు పక్కలా వాలిపోయి ఉంటుంది. మీ ఫోన్లలో ఎక్కడో చూసే ఉంటారు, ఎవరు చెక్కారో తెలియకుండా. మరుసటి ఏడాది విలియం కూడా పోయాడు, అదే రాయి కింద పెట్టారు. చిన్నప్పుడు తండ్రి నుంచి ఉత్తరం అందుకున్న ఆ పన్నెండేళ్లవాడే.

టీ వచ్చినట్టుంది. గ్లాసులు పుస్తకాల మీద పెట్టకండి.